సుంకమ్మ వంతు

ఏప్రిల్ 2

బడి తలుపు తీసేసరికి పలకల మీద వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము. నిన్నటి గాలికి నీడ గుడ్డ ఉత్తరం మూల చిరిగిందట. ఊరంతటికీ కలిపి పైన కప్పింది ఆ ఒక్క గుడ్డే, అందుకే ఊళ్లకు నీడలని పేరు. చిరిగిన చోట కింద ఎవరుంటే వాళ్ల ఖర్మ, ఈసారి బడి ఖర్మ. రెండో వరస పిల్లల మీద ఎండ పడుతుంటే బల్లలు గోడ వైపు జరిపించాను. ఏప్రిల్లో పొద్దున తొమ్మిది దాటాక తల మీద గుడ్డ లేకుండా నిలబడే మొనగాడు మా మూడో నీడలో ఎవడూ లేడు.

పదకొండు పలకలు, పదకొండు మంది పిల్లలు, నాలుగో తరగతి. పలకలు తుడవడం, ఛార్జింగుకు పెట్టడం, పిల్లల ముక్కులు తుడవడం, బడి అయ్యాక 'సరే' అన్న చోట నొక్కడం. శేషారత్నం టీచరనే నేను ముప్పై ఏళ్ల సర్వీసులో చేరుకున్న ఎత్తు ఇది. ఇదిగాక ఈ దినచర్య పుస్తకం ఒకటి. మధ్యాహ్నం ఎండకు ఊరంతా పడుకున్నప్పుడు రోజుకు పది వరసలు రాయాలి. ఇంతవరకు పేజీలు నిండాయా లేదా అని చూసినవాళ్లే తప్ప చదివినవాళ్లు లేరు కాబట్టి నా నోటికొచ్చింది రాస్తున్నాను.

ఇవాళ పదో నీడ నుంచి ఇద్దరు టీచర్లు మా ఉమ్మడి చదువు వినడానికి వచ్చారు. పదకొండు పలకల మీదా ఒకే పాఠం వస్తుంది, కానీ ఒక్కొక్కరికి అందులో ఒక్కో ముక్క వెలుగుతుంది. వెలిగిన ముక్క వాళ్లు పైకి చదవాలి. ఎవరికి ఏది తేలికో పలకే కనిపెట్టి వాళ్లకు అదే ఇస్తుంది. ఎవరూ తడబడరు, ఎవరూ ఏడవరు. ఒకరి వెనక ఒకరు అందుకుంటూ పోతుంటే, కళ్లు మూసుకుని వింటే ఒకే మనిషి చదువుతున్నట్టు ఉంటుంది. వచ్చిన వాళ్లలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నేనూ కాస్త పొంగిపోయాను, ఎందుకు దాచాలి.

మార్కు తరగతి మొత్తానికీ ఒకటే. తొంభై ఆరు. రిజిస్టరులో మాత్రం పేరుకొక గడి ఉంటుంది, గడి ఖాళీగా ఉంటే పలక మరుసటి పాఠానికి కదలదు. అందుకని పదకొండు గడుల్లోనూ తొంభై ఆరే వేసి సంతకం పెడతాను. మూడేళ్లుగా ఇదే పని. అన్ని నీడల్లోనూ టీచర్లు చేసేది ఇదే.

ఏప్రిల్ 6

అనుకున్నంతా అయింది. నాలుగో బోరు కూడా ఇసుక కక్కింది. మే పద్నాలుగున మూడో నీడను ఖాళీ చేస్తారు. గుడ్డ విప్పి, చుట్టి, ఇంకో ఊరికి తీసుకుపోతారట. ఇంటింటికీ కాగితం ఇచ్చారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో నీడ. నా పదకొండు మంది పదకొండు ఊళ్లకు పోతారు.

కాగితంలో అడుగున ఇంకో మాట ఉంది. తొమ్మిదేళ్లు నిండిన పిల్లలకు చేరిన చోట ఒంటరి చదువు పరీక్ష పెడతారు. ఒక పాఠం, ఒక పిల్ల, వేరే ఎవరూ ఉండరు. వాక్యం పూర్తిగా చదివితేనే మార్కు. నెగ్గితే పదిహేనేళ్ల దాకా బడి. నెగ్గకపోతే పదో ఏట నుంచి తుడుపు జట్టు. ఊరి బయట మైళ్ల పొడవునా పరిచిన సోలార్ ప్యానెళ్ల మీద దుమ్ము తుడిచే పని అది. ఆ జట్టులో నలభై దాటినవాళ్లు నాకు తెలిసి ముగ్గురే ఉన్నారు, ముగ్గురికీ దగ్గే.

మా పిల్లలకేం ఫరవాలేదు అనుకున్నాను. పరీక్ష కాగితం మడిచి సొరుగులో పెట్టాను. ఇవాళ హాజరు పది. సుంకమ్మకు అమ్మవారు పోసింది.

ఏప్రిల్ 9

బడి వదిలాక సుంకమ్మ తండ్రి తిప్పేస్వామి వచ్చాడు. తుడుపు జట్టులో పనిచేస్తాడు. ముప్పై ఆరేళ్లకే మెట్టెక్కితే ఆయాసం. భార్య పోయాక పిల్లను ఒక్కడే సాకుతున్నాడు. గడప దాటి లోపలికి రాడు, ఒంటి మీద దుమ్ము రాలుతుందని.

"మేడం, పాప బాగా చదువుతాది కద?" అన్నాడు.

"తొంభై ఆరు మార్కులు తిప్పేస్వామీ. నీకేం అనుమానం వచ్చింది?"

"నాకు చదువు రాదు. ఈ ఊరు మారే కాగితం చదివి చెప్పమంటి. కాగితం పట్టుకొని గమ్మునుండె. సేపటికి 'ఇవ్వడమైనది' అనె. మళ్ళా గమ్మునుండె. 'చేరుకోవలెను' అనె. మళ్ళా సేపటికి 'చెల్లదు' అని కాగితం నా చేతికిచ్చె."

"జ్వరంలో ఉంది కదా."

"జ్వరం తగ్గింది మేడం. యాడికి పోవాల పాపా, ఎప్పుడు పోవాల అని అడిగితి. 'అది నాది కాదు నాయనా' అంటాది."

నవ్వబోయి అతని మొహం చూసి ఆగాను.

ఏప్రిల్ 10

పలకల మధ్య కలయిక ఆపేశాను. మూడేళ్లలో ఇదే మొదటిసారి. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి ఒకే పాఠం చేతికిచ్చాను.

కుళ్ళాయప్ప ఊళ్ల పేర్లు, అంకెలు గడగడా చదివాడు. మిగతా చోట కళ్లు జారిపోయాయి. హసీనా ప్రతి వాక్యంలో మొదటి మాట చదివి, పక్క పిల్ల అందుకుంటుందని కుడివైపు చూసింది. కుడివైపు గోడ ఉంది. మళ్లీ తర్వాతి వాక్యం మొదటి మాట, మళ్లీ గోడ. పది మందిలో ఒక్కరు కూడా ఒక వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చదవలేదు. చదవలేదని వాళ్లకు తెలియదు కూడా. అందరూ నా వైపు మెప్పు కోసం చూశారు.

ఎండ దిగాక సుంకమ్మ ఇంటికి వెళ్లాను. గుమ్మం అవతల నుంచే పాఠం చూపించాను. బుగ్గల మీద పొక్కులు మాడి ఉన్నాయి. ప్రతి వాక్యంలో తన వంతైన చివరి మాట ఎంత బాగా చదివిందో. "వెళ్లింది", "అడిగింది", "నవ్వారు", "తెల్లవారింది". ఒక్కో మాటకూ తగ్గ గొంతు. మధ్యలో అంతా మౌనం, వేలు మాత్రం అక్షరాల మీద సరిగ్గా కదులుతోంది.

"మిగతాది చదవమ్మా," అన్నాను.

"మిగతాది వాళ్లు చదువుతారు కద మేడం."

"వాళ్లు ఇక్కడ లేరు కదా."

"వచ్చినాక చదువుతారు," అంది, నాకేదో తెలియక అడుగుతున్నట్టు.

పలకను తప్పుపట్టడానికి లేదు. ఏ పిల్లా ఆగకూడదని దానికి చెప్పారు, అది ఎవర్నీ ఆగనివ్వలేదు. వినాల్సినదాన్ని నేను. మూడేళ్లు కళ్లు మూసుకుని ఆనందంగా విన్నాను. భయం వేసింది, అంతకన్నా సిగ్గు వేసింది.

ఏప్రిల్ 13

నీళ్ల లారీలో ఇమాంబాషా వచ్చాడు. పన్నెండు నీడల బళ్లకు పర్యవేక్షకుడు. మంచివాడు. ఒకప్పుడు నా దగ్గర ట్రైనింగు అయ్యాడు కాబట్టి ఇప్పటికీ నా ముందు కుర్చీలో కూర్చోడు. చెప్పాల్సిందంతా చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను, పోలేదు.

"అన్ని నీడల్లోనూ అంతే మేడం. మీరు విన్నారు, వాళ్లు వినలేదు. అంతే తేడా."

"రిజిస్టరు దిద్దుతాను. ఏ పిల్లకు ఎంత వచ్చో అంతే వేస్తాను."

అతను కిటికీ బయటికి చూశాడు. "దిద్దండి. కానీ ఒక మాట వినండి. మీ పిల్లోల్లకు తొంభై ఆరు ఉండాదనే బళ్లున్న నీడలకు పంపుతాండారు. మార్కు పడిపోతే పదకొండు ఇండ్లూ పదిహేడో నీడకు పోతాయి. ఆడ బడి లేదు. తుడుపు జట్టొకటే ఉండాది."

"అబద్ధం మీద పంపమంటావా?"

"పంపమని నేనంటలేను మేడం. నెల రోజులుండాది. మీకు చదువు చెప్పేది వస్తాది కద, చెప్పండి. పలకలు రాక ముందు చెప్పలేదా?"

ఆ మాట నాకు నచ్చింది. నచ్చాల్సిన అవసరం ఉంది కాబట్టి నచ్చిందేమో. రిజిస్టరు దిద్దలేదు.

ఏప్రిల్ 16

తల్లిదండ్రుల్ని పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్లల్ని పొద్దున్నే గంటన్నర నా దగ్గరికి పంపమన్నాను, పలక లేకుండా నేర్పుతానన్నాను.

కుళ్ళాయప్ప తల్లి లేచింది. "మూడేండ్లు తొంభై ఆరు అని సంతకం పెట్టింది ఎవరు మేడం? మీరే కద? ఇప్పుడు ఊరు పోయేటప్పుడు రాదంటాండారు."

"తప్పు చేశానమ్మా."

"తప్పు చేసింది అప్పుడో ఇప్పుడో మాకెట్ల తెలుస్తాది?"

ఒకాయన నేను బదిలీ తప్పించుకోవడానికి నాటకం ఆడుతున్నానన్నాడు. మూటలు కట్టుకునే పనులున్నాయని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి గడప బయట తిప్పేస్వామి మిగిలాడు.

"మా పాపకు చెప్పండి మేడం. నా పని దానికి వద్దు," అన్నాడు. ఆ మాట అనడానికి మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

ఏప్రిల్ 19

కాగితం లేదు. నా దగ్గర ఉన్నది ఈ పుస్తకమే, ఇందులో పేజీ చింపితే లెక్క అడుగుతారు. సుద్దముక్క చూసి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. తిప్పేస్వామే దారి చూపించాడు. తెల్లవారుజామున ఐదింటికి ప్యానెళ్ల దగ్గరికి రమ్మన్నాడు. ఒక్కో ప్యానెలు మీద ముందురోజు దుమ్ము సమంగా పరుచుకుని ఉంటుంది. వేలితో రాస్తే అక్షరం నల్లగా పడుతుంది.

"నేను తుడవక ముందు రాసుకోండి," అన్నాడు. "మీరు ఒక వరస ముందర పోతాంటే నేను ఎనక తుడుచుకుంటా వస్తా."

సుంకమ్మకు అక్షరాలన్నీ వచ్చు, అది నయం. విడి మాటలు చాలా వచ్చు. ఒక మాట పక్కన ఇంకో మాటను తానే చదవాలన్నది మాత్రం దానికి తట్టదు. "సుంకమ్మ నీళ్లు తెచ్చింది" అని రాశాను. "తెచ్చింది," అని నా మొహం చూసింది. మొదటి రెండు మాటలూ వేలితో చూపించాను. అవి చదవడమంటే ఇంకొకరి పళ్లెంలో చెయ్యి పెట్టడంలా ముడుచుకుపోయింది.

ఏప్రిల్ 27

ఇవాళ కొట్టాను. రాయకూడదు కానీ రాస్తున్నాను. మూడు మాటల వాక్యం నలభై నిమిషాలు. వెనక తిప్పేస్వామి తుడుపు గుడ్డ దగ్గరికి వచ్చేస్తోంది. సుంకమ్మ కావాలనే పెదవులు బిగించింది. చెయ్యి ఊరుకోలేదు.

ఏడవలేదు. "పలకలో ఐతే అందరూ ఉంటారు," అంది. "ఈడ నేనొక్కదాన్నే ఉండాల."

అక్కడే దుమ్ములో కూర్చుండిపోయాను. అది నా పక్కన కూర్చుంది. తిప్పేస్వామి మా ఎదుటి ప్యానెలు వదిలేసి పక్కది తుడుచుకుంటూ పోయాడు. కాసేపటికి సుంకమ్మే లేచి ఆ వాక్యం చదివింది. మూడు మాటలూ చదివింది.

మే 11

విత్తనాల గోదాములో వేరుశనగ సంచి ఒకటి దొరికింది. దాని మీద వాడే పద్ధతి అచ్చువేసి ఉంది. పదహారు వాక్యాలు. ఇవాళ సుంకమ్మకు అది ఇచ్చాను. పలక లేదు, నేను నోరు మెదపలేదు.

పదకొండు నిమిషాలు పట్టింది. ఐదు చోట్ల ఆగింది, రెండు చోట్ల వెనక్కి వెళ్లి దిద్దుకుంది. ఆరో వాక్యం చివర, పలకలో తనకు ఎన్నోసార్లు వెలిగిన మాట దాకా వచ్చి తల ఎత్తి, "ఓ, ఇది ఇట్ల మొదలైతాదా," అని నవ్వింది. మొత్తం అయ్యాక, గింజలు నీడలో ఆరబెట్టాలని ఎందుకు రాశారు, ఎండ ఎక్కువైతే లోపల చచ్చిపోతాయా అని అడిగింది. చదివినదాని గురించి ఒక పిల్ల నన్ను ప్రశ్న అడిగి మూడేళ్లయింది. నాకు ఏడుపొచ్చింది. తిప్పేస్వామి తుడుపు గుడ్డ భుజాన వేసుకుని సంచిని చాలాసేపు చూశాడు, తనకూ ఏదో కనిపిస్తుందేమోనన్నట్టు.

మిగతా పది మందికీ బడిలో నాకు చేతనైనంత చెప్తున్నాను. ఒక్క పూట పలక ఆపితే ఇళ్ల నుంచి మనుషులు తగువుకు వస్తున్నారు. ఈ నెలలో వాళ్లకు నేను నేర్పింది సున్నా. వాళ్లు పరీక్షలో ఏమైపోతారో. ఒక్క పిల్లనైనా గట్టెక్కించాను అని దేవుడితో బేరం పెట్టుకుంటున్నాను.

మే 14

లారీలు వచ్చాయి. పిల్లలు పలకలు అప్పగించారు, పేర్లు రాసుకుని పెట్టెలో సర్దాను. హసీనా, కుళ్ళాయప్ప చేతులు ఊపుతూ ఒకరి వెనక ఒకరు అరుచుకుంటూ వెళ్లారు. సుంకమ్మది ఎనిమిదో నీడ. వేరుశనగ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. లారీ ఎక్కి దాని మీద ఉన్నది మళ్లీ చదవడం మొదలుపెట్టింది, పెదవులు కదులుతూ కనబడ్డాయి.

గుడ్డ విప్పే దాకా నేను ఇక్కడే ఉండాలి.

జూన్ 3

ఇమాంబాషా వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోనే నాకు అర్థమైంది.

"పది మందీ బడిలో చేరినారు మేడం," అన్నాడు.

నమ్మలేకపోయాను. "పరీక్ష నెగ్గారా?"

"సున్నాలు వచ్చినాయి. పది మందికీ సున్నానే. తొంభై ఆరు ఉన్న పిల్లకు సున్నా ఎట్ల వస్తాది, పరీక్ష పలకదే లోపం అని రాసినారు. లోపమైతే పాత మార్కే ఖాయం. రూలు అట్ల ఉండాది."

"సుంకమ్మ?"

"నలభై ఒకటి. నెగ్గేదానికి చాలలేదు."

లెక్క తెలియని మనిషిలా మళ్లీ అడిగాను. అతను మళ్లీ చెప్పాడు. నలభై ఒకటి వచ్చిందంటే పలక బాగానే పనిచేసినట్టు. పలక బాగుంటే లోపం పిల్లలో ఉన్నట్టు. తొంభై ఆరు నుంచి నలభై ఒకటికి జారింది కాబట్టి నేర్చుకున్నది నిలవని పిల్ల అని రాశారు. అలాంటి పిల్లలకు బడి చోటు వృథా అట. తుడుపు జట్టుకు పంపారు.

"పదకొండు మందిలో చదివింది అదొక్కతే," అన్నాను.

"ఔను మేడం. చదవకపోయుంటే బడిలో ఉండేది."

అతను ఇంకేదో అంటున్నాడు, నాకు వినబడలేదు. నేను చెప్పకపోయి ఉంటే. ఐదింటికి లేవకపోయి ఉంటే. ఇంట్లో పడుకుని ఉంటే, ఆ పిల్ల ఇవాళ బల్ల ముందు కూర్చుని తన ముక్క కోసం ఎదురుచూస్తూ ఉండేది.

వెళ్లేముందు ఒక ఫారం బల్ల మీద పెట్టాడు. పాత మార్కులు తప్పని నేను రాసి సంతకం పెడితే సుంకమ్మకు మళ్లీ పరీక్ష పెడతారు. అయితే ఫారం తరగతి మొత్తానికి ఒకటే. పది మందికీ మళ్లీ పెడతారు. ఈసారి సున్నా వస్తే అది సున్నాయే.

"ఒకరికి న్యాయం చేస్తే పది మంది పోతారు మేడం. ఆ ఒక పాపైనా నెగ్గుతాదని నేను చెప్పలేను. ఇంగ మీ ఇష్టం," అన్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. నా మీద నాకున్నదే చాలు.

జూన్ 10

ఎనిమిదో నీడ నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒక అట్టముక్క ఇచ్చాడు. వెనక వైపు బొగ్గుతో రాసి ఉంది. అక్షరాలు పెద్దవి, వరసలు కిందికి జారాయి.

"మేడంకు సుంకమ్మ రాసేది. నేను అంతా చదివినాను. మొదటి నుంచి చదివినాను. ఎవరూ చెప్పలేదు. పరీక్ష పెట్టిన ఆమె రాసుకునింది. నాకు ముందు బాగా వచ్చేదంట. ఇప్పుడు మర్చిపోయినానంట. నేను ఏమి మర్చిపోయినానో నాకు తెలీలేదు. నాయనను అడిగితే మేడంను అడుగు అన్నాడు. ఇప్పుడు నాయనతో పనికి పోతాండాను. మీరు రాస్తే నేను చదువుకుంటాను."

ఒక్క మాట కూడా వదల్లేదు. నాలుగుసార్లు చదివాను, అయిదోసారి చూపు ఆనలేదు.

ఫారం పూర్తి చేయలేదు. చేయను. పది మంది పిల్లల మొహాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని నిర్ణయించుకున్నాను. ఈ నిర్ణయం తప్పని నాకు తెలుసు, రెండోదీ తప్పే. సుంకమ్మ పదేళ్లు నిండక ముందే ఎండలో ప్యానెళ్లు తుడుస్తుంది. ఆ సంగతి దానికి నేనే చెప్పాలి.

చివరి పేజీ చింపాను. లెక్క అడిగితే అడగనీ. "నువ్వు ఏమీ మర్చిపోలేదమ్మా" అని రాశాను. రెండో వాక్యం దగ్గర గంటసేపటి నుంచి కూర్చున్నాను. డ్రైవరు బయట హారను కొడుతున్నాడు. నా గురించి ఏదో ఒకటి కప్పిపుచ్చి నాలుగు మాటలు రాసి పంపేయవచ్చు. కానీ ఆ పిల్ల ఇప్పుడు మొత్తం చదువుతుంది, చదివాక ఎందుకు అని అడుగుతుంది. నేనే నేర్పాను.